మైకు నోరు మెదపని పూట

ఆ ఇంట్లో చెల్లెలిని అందరూ మైకు అంటారు. ఆ పేరు పెట్టింది పెదనాన్న. అన్నయ్యకు పుట్టినప్పుడే మెదడుకు దెబ్బ తగిలింది. కాళ్ళూ చేతులూ మాట వినవు, నాలుక అసలే వినదు. బుర్ర మాత్రం పాదరసం. అతని మాట తల్లికి సగం, చెల్లెలికి పూర్తిగా అర్థమవుతుంది. మిగతావాళ్ళు ప్రయత్నించిన పాపాన పోలేదు. అతన్ని అడగాల్సినవన్నీ చెల్లెలి మొహంలోకి చూసి అడుగుతారు. నాలుగేళ్ళప్పుడు అంటగట్టిన ఆ ఉద్యోగం ఇరవై నాలుగొచ్చినా ఆమెను వదల్లేదు.

జీతమొచ్చే ఉద్యోగం వేరే ఉంది. బడి యూనిఫారాలు కుట్టే దుకాణంలో ఆమె గుడ్డ కత్తిరిస్తుంది. ఒక తానులో పక్కవాళ్ళు ముప్పై చొక్కాలు తీస్తే ఆమె ముప్పై ఒకటి తీస్తుంది. ఆ పనితనం విని వేరే ఊళ్ళోని పెద్ద కుట్టు కేంద్రం వాళ్ళు కటింగ్ మాస్టర్‌గా రమ్మన్నారు. వచ్చేదీ రానిదీ ఈ మధ్యాహ్నం రెండింటిలోపు చెప్పాలి. పన్నెండున్నరకే పెదనాన్న ముందుగదిలో తీరిగ్గా కూర్చున్నాడు, ఆమె వెళ్ళాలో వద్దో తేల్చడానికి.

అన్నయ్యకు నువ్వు తప్ప ఎవరున్నారన్నాడు నాన్న. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవయ్యేడేళ్ళుగా ఒకే కప్పు కింద ఉండి కొడుకు మాట నేర్చుకోని మనిషి, కూతురికి బాధ్యత నేర్పుతున్నాడు!

పెదనాన్న పెద్దమనిషి తరహాలో, అబ్బాయినే అడుగుదామన్నాడు. అని, అలవాటుగా ఆమె వైపే తిరిగాడు. నువ్వెళితే వాడికి ఇబ్బందేమో కనుక్కోమన్నాడు.

చక్రాల కుర్చీలోంచి అన్నయ్యే జవాబిచ్చాడు. "ఇబ్బందే. అయినా వెళ్ళనీయండి."

ఆ మూడు ముక్కలకూ అతనికి చాలాసేపు పట్టింది. మొదటి మాట అందగానే మిగతాది సొంతంగా పూర్తి చేసుకోవడం అమ్మకు అలవాటు. ఇబ్బందేనంటున్నాడని చెప్పి కళ్ళు తుడుచుకుంది.

"అయినా వెళ్ళనీయమన్నాడు. ఆ సగం ఎందుకు మింగావమ్మా?" అంది చెల్లెలు.

పెదనాన్న నవ్వాడు. ఆరేళ్ళప్పుడు అన్నయ్యకు రెండు ఐసులు కావాలట అని చెప్పి, ఒకటి తను తినేసిన ఘనకార్యం ఆమెది. చుట్టాలు కలిసినప్పుడల్లా అదే కథ.

"నీకేం కావాలో వాడి నోట అదే వస్తుందే!" అన్నాడు.

నోరున్నవాడిదే రాజ్యమంటారు. రెండు నోళ్ళున్నా ఆమె మాట చెల్లలేదు. లేచి, అన్నయ్య కుర్చీని నాన్న ఎదురుగా తిప్పింది.

"నేను చెప్పను. అమ్మా, నువ్వూ చెప్పకు. మనిషి ఇక్కడే ఉన్నాడు, మీకు చెవులున్నాయి. అర్థమయ్యేదాకా వినండి."

అన్నయ్య మళ్ళీ చెప్పాడు. నాన్న ఆమెకేసి చూశాడు. ఆమె గోడకేసి చూసింది. మూడోసారికి అన్నయ్య మెడనరాలు ఉబ్బాయి, చొంగ చొక్కా మీదికి కారింది. తువ్వాలు పట్టుకుని లేవబోయిన అమ్మ చెయ్యి ఆమె గట్టిగా పట్టుకుంది. ఒక్క ముక్క చెబితే అతని అవస్థ తీరుతుంది. పళ్ళు బిగపట్టుకుంది. నాలుగోసారి నాన్న కుర్చీలోంచి లేచి, వంగి కొడుకు నోటి దగ్గర చెవి పెట్టాడు.

"వెళ్ళనీయమంటున్నావా?"

అన్నయ్య తల ఊగింది. నాన్న నిటారుగా నిలబడి, వెంటనే కూతురి వైపు తిరిగాడు. అంతేనా, ఇంకేమైనా అంటున్నాడా అని ఆమెనే అడిగాడు.

"నన్నడగండి!"

అన్నయ్య అరుపు గదిలో అందరికీ అర్థమైంది. పెదనాన్న నవ్వు మాయమైంది.

ఆ మాట చెల్లెలికి కొత్త కాదు. మీ అన్నయ్య ఎలా ఉన్నాడని ఇంటికొచ్చినవాళ్ళు ఆమెను అడిగిన ప్రతిసారీ పక్కనుంచి అతను అన్నది అదే. వాళ్ళు నొచ్చుకుంటారని ఆమె ఒక్కసారీ చెప్పలేదు. బాగున్నానంటున్నాడని నవ్వుతూ చెప్పేది. ఇరవై ఏళ్ళు అదే చెప్పింది. ఇందాకటి నుంచి ముగ్గురి మీద మండుతున్న కోపం గిరుక్కున తిరిగి ఆమె మీదే పడింది. అన్నయ్య కూడా ఇప్పుడు నాన్నను చూడటం లేదు, ఆమెనే చూస్తున్నాడు.

నాన్న చక్రాల కుర్చీ ముందు నేలమీద కూర్చున్నాడు. చెల్లి వెళితే నీకు సాయం ఎవరు కావాలని కొడుకునే అడిగాడు. జవాబు అర్థం కాక, మళ్ళీ చెప్పమన్నాడు.

ఒకటిన్నరయింది. చెల్లెలు కుట్టు కేంద్రానికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పింది. పెట్టేశాక కూడా అన్నయ్య మొహం చూడటానికి ధైర్యం చాలలేదు.