మూడు వేళ్ళ దూరం

యాకోబు నేల మీద చాప పరుచుకొని, బడిపిల్లల యూనిఫాం చొక్కాలకు గుండీలు కుడుతున్నాడు. పక్కనే కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. ఇంటి ముందుగదిలోనే ఉన్న దుకాణం షట్టర్ సగానికి దించి ఉంది. నిలువుటద్దానికి పాత దుప్పటి కట్టి ఉంది. మూలన స్టీలు గ్లాసులో నూనెదీపం ఐదు రోజులుగా ఆరకుండా వెలుగుతోంది.

తండ్రి పోయి ఐదు రోజులు. ఏడు రోజులు నేల మీదే కూర్చోవాలి, అద్దం చూడకూడదు, పనిలోకి పోకూడదు. మూడు రోజులు దాటాక మాత్రం, పూట గడవని వాడు ఇంట్లో కూర్చొని గుట్టుగా పని చేసుకోవచ్చని తండ్రే చెప్పాడు. బడులు తెరిచే రోజులు. అందుకే గుట్టుగా చేసుకుంటున్నాడు.

యాభై రెండేళ్ళ మనిషి. ముప్పై ఐదేళ్ళు మిషన్ మీదికి వంగి వంగి మెడ ముందుకు వచ్చేసింది. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే దారంతో కట్టుకున్నాడు. చిరిగిన బట్టను చిరిగినట్టు తెలియకుండా రఫూ చేయడంలో కోదాడలో అతన్ని మించినవాడు లేడంటారు. అలాంటివాడు భుజం మీది తువ్వాలును మాటిమాటికీ ఎడమ రొమ్ము మీదికి లాక్కుంటున్నాడు. దాని కింద నీలం చొక్కా జానెడు మేర చిరిగి ఉంది. తండ్రిని మట్టిలో పెట్టేముందు గుంటూరు వైపు నుంచి వచ్చిన సంఘం పెద్దాయన అంచుకు గాటు పెడితే, మిగతాది యాకోబే చేతులతో చించుకున్నాడు.

"మిగతా ఎవరు పోయినా కుడివైపు చింపు. అమ్మకీ నాన్నకీ ఎడమవైపు, గుండె మీద. దాన్ని మళ్ళీ సరిగ్గా కుట్టకూడదు" అనేవాడు తండ్రి, కుట్టు నేర్పుతూ. ఊళ్ళో వాళ్ళది ఒక్కటే యూదుల ఇల్లు. ఇలాంటివి చెప్పడానికి ఆయన తప్ప ఎవరూ లేరు.

లోపలి గది గుమ్మంలో తల్లి దెబోరమ్మ కూర్చొని ఉంది. ఎనభై దాటిన చిన్న శరీరం. రెండేళ్ళుగా ఆమె మతిలో ఏదీ నిలవడం లేదు. భర్త పోయాడని మొదటిరోజు చెప్పారు. గుండెలు బాదుకొని ఏడ్చి, నిద్రపోయి లేచి, "మీ నాన్న టీ తాగాడా?" అని అడిగింది. మళ్ళీ చెప్పారు. మళ్ళీ కొత్తగా ఏడ్చింది. మూడోసారి చెప్పినప్పుడు ఊపిరి ఆగి పెదవులు నల్లబడ్డాయి. గుండె బలహీనంగా ఉంది, ఇంకోసారి ఇలా అయితే నిలవదన్నాడు డాక్టరు.

అప్పటినుంచి ముసలాయన మిర్యాలగూడలో కూతురింటికి పోయినట్టు చెబుతున్నారు.

"ఒరే యాకోబూ, అద్దానికి దుప్పటెందుకురా?"

"పగిలిందమ్మా."

"మీ నాన్నేడీ?"

"మిర్యాలగూడ పోయిండు. వస్తడు."

"బస్సుల్లో తిరిగే వయసా? వచ్చాక నువ్వన్నా గడ్డి పెట్టు."

యాకోబు తల ఊపి దారం పళ్ళతో కొరికాడు. అతని భార్య రూతమ్మ టీ తెచ్చి పెడుతూ గొంతు తగ్గించింది.

"ఆ చొక్కా మార్చుకోరాదయ్యా. ఆమె కంట్ల పడితే?"

"ఇంకా రెండు రోజులే గదా. తువ్వాలుంది."

"దేవుడు తువ్వాలు చూస్తడా, చొక్కా చూస్తడా నీది?"

"నాన్న చూస్తడు" అన్నాడు యాకోబు. ఆమె వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం షట్టర్ కిందినుంచి ఒక తలపాగా లోపలికి వచ్చింది. నడిగూడెం సైదయ్య.

"ఏందే దర్జీ, దుకాణం మూసి దొంగతనంగ కుడుతున్నవ్? నా మనుమని అంగీలు అయినయా లేదా?"

"అయినయ్ సైదన్నా. మెల్లగ మాట్లాడు." యాకోబు లేచి మేకుకున్న కవరు అందుకోబోయాడు. చెయ్యి పైకెత్తగానే తువ్వాలు జారి కింద పడింది.

సైదయ్య పెద్దగా నవ్వాడు. "ఓర్నీ! ఊరందరి చినుగులు కుట్టేటోనివి, నీ అంగి గిట్ల వేలాడవట్టె! ఎవలు గుంజిన్రే, మరదలేనా?"

యాకోబు కళ్ళతో గుమ్మం వైపు చూపించి, చెవిలో చెప్పాడు. సైదయ్య నవ్వు సగంలో ఆగిపోయింది. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "నాకు ఎర్కలేదు తమ్మీ..." అని గొణిగి, కవరు తీసుకోవడం కూడా మరిచి వంగి బయటికి వెళ్ళిపోయాడు.

యాకోబు వెనక్కి తిరిగేసరికి తల్లి గోడ పట్టుకొని లేచి వస్తోంది.

"టైలరువి కాదురా నువ్వు? నలుగురూ నవ్వుతున్నారు. కూర్చో ఇక్కడ."

"నేను కుట్టుకుంటలేమ్మా."

"కూర్చోమన్నానా!"

కూర్చున్నాడు. మతి పోయినా ఆమె వేళ్ళకు పని తెలుసు. సూదిలోకి నీలం దారం ఒక్కసారికే ఎక్కించింది. చిరుగు అంచులు దగ్గరికి పట్టి కుట్టు వేసింది. ఆపాలంటే కారణం చెప్పాలి. చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. తండ్రికోసం చించినదాన్ని తల్లి కుడుతుంటే, దీపం వైపు చూస్తూ ఉండిపోయాడు. రెండో కుట్టు. మూడో కుట్టు.

ఆమె చెయ్యి ఆగింది.

చిరుగులోంచి కనిపిస్తున్న కొడుకు ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

"ఎడమవైపు చింపావు" అంది.

యాకోబు కింద పడిన తువ్వాలు కోసం చెయ్యి చాచాడు.

"నేనున్నాను కదరా."

ఆమె దుప్పటి కట్టిన అద్దాన్ని చూసింది. దీపాన్ని చూసింది. గుండెలు బాదుకోలేదు. కొడుకు చెంప మీది చెమట కొంగుతో తుడిచింది.

"ఎన్నాళ్ళైందిరా?"

"ఐదు రోజులమ్మా."

"అన్నం తింటన్నావా?"

"తింటన్న."

"కాసేపు పడుకుంటాను. నన్ను లేపకు."

సూదిని చొక్కాకే వదిలేసి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళింది.

నాలుగింటికి టీ తీసుకొని లోపలికి వెళ్ళిన రూతమ్మ గ్లాసు కింద పెట్టకుండానే బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ముఖం చూసి యాకోబు గుండీల డబ్బా మూత పెట్టాడు.

పొద్దు వాలేసరికి ఇరుగుపొరుగు ఇల్లంతా నిండారు. గుంటూరు వైపు మనుషులు వచ్చేసరికి తెల్లవారుతుందన్నారు. ఫోన్‌లో పెద్దాయన, ఏడు రోజుల్లోపే రెండో చావు కాబట్టి పాత చిరుగును పెంచితే చాలదని, మూడు వేళ్ళ దూరం వదిలి కొత్తగా చింపాలని చెప్పాడు.

యాకోబు తల్లి మంచం పక్కన నిలబడి కత్తెర తీసుకున్నాడు. టేపు తీసుకోలేదు. ఆమె వేసిన కుట్ల పక్కన మూడు వేళ్ళు ఆనించి కొలుచుకున్నాడు. ఆ కుట్లు విప్పాలని అతనికి తెలుసు. విప్పకుండానే వేళ్ళ అవతల గాటు పెట్టి, రెండు చేతులతో చించాడు.

చిరుగుకూ చిరుగుకూ మధ్య మిగిలిన నీలం పట్టీ మీద, మూడో కుట్టు చివర, తెంపని దారానికి సూది వేలాడుతోంది.