గుండిమెడ వారి మనవరాలు

కెనడాలోని హామిల్టన్‌లో కాలేజీ తెరవడానికి పదిరోజులుంది. అద్దెగది కోసం ధాత్రి ఎక్కిన ఏడో గడప కోటేశ్వరరావుగారిది. స్టీల్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. మర్యాదగా కాఫీ ఇచ్చారు. పాస్‌పోర్టు కాపీ చూడగానే మాత్రం మొహం మారిపోయింది.

"గుండిమెడ అంటే... విమర్శకుడు రాజగోపాల్ నీకేమవుతాడమ్మా?"

"మా తాతయ్య, అంకుల్," అంది ధాత్రి సంబరంగా.

"అయితే గది లేదు."

యాభై ఏళ్ల కిందట కోటేశ్వరరావుగారి అక్క పద్మిని కవితల పుస్తకం అచ్చువేసుకుంది. 'వంటింటి కూనిరాగాలు' అని పత్రికలో ఒక్కమాటతో తీసిపారేశాడట రాజగోపాల్. ఆవిడ మళ్లీ కలం ముట్టలేదు.

"ఇంకోచోట అడిగేటప్పుడు ఇంటిపేరు ఎత్తకు," అంది స్నేహితురాలు స్వీటీ.

"ఎందుకెత్తను? తాతయ్య రాసింది నిజమో కాదో ముందు తేల్చుకుంటా."

ఇంటికి ఫోన్ చేసింది. చనిపోయిన తాతయ్య బీరువాలో అమ్మకు ఆ పుస్తకం దొరికింది.

"మొదటి పదహారు పేజీలే తెరిచున్నాయే. మిగతా కాగితాలు ప్రెస్సు నుంచి వచ్చినప్పటి మడతలతోనే ఉన్నాయి, కోయనేలేదు."

ధాత్రికి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్న తాతయ్య, పుస్తకం పూర్తిగా చదవకుండానే తీర్పు చెప్పాడు!

"కోసి, అన్ని పేజీలూ ఫొటోలు తీసి పంపమ్మా."

"ఆయన పరువు నువ్వే తీస్తావా?"

"ఆయన వదిలేసిన పని నేను చేస్తా."

కాఫీ షాపులో పనికి వెళ్తూ, వస్తూ బస్సులో చదివింది. అర్థంకాని కవిత నాలుగుసార్లు చదివింది. మూడు వారాలు పట్టింది. పుస్తకం మీద నాలుగు పేజీల సమీక్ష రాసి, కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టి, కోటేశ్వరరావుగారి తలుపు తట్టింది.

"రూమ్ దొరికింది అంకుల్. దానికోసం రాలేదు."

ఆయన గుమ్మంలో నిలబడే చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు. ఫోన్ తీసి, తెనాలిలో ఉన్న అక్కకు అంతా చదివి వినిపించి, ఫోన్ ధాత్రి చేతికిచ్చారు.

"మొదటి మూడు కవితలూ తేలిపోయాయని నువ్వూ రాశావేమిటమ్మాయ్?" పద్మినిగారి గొంతు కటువుగా ఉంది.

ధాత్రి తడబడలేదు. "అవునండీ, అక్కడ తాతయ్య మాట నిజమే. మిగతా పంతొమ్మిదీ ఆయన చదవలేదు. అది తప్పు. నేను చదివాను."

అవతల పద్మినిగారు కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"అయితే చెప్పు, ఏది నచ్చింది?"

ధాత్రి కోటైనా విప్పకుండా మెట్టుమీద కూర్చుని చెప్పసాగింది.