రక్తం ఇవ్వని బుధవారం

సీసాలో ఎనిమిది మాత్రలు మిగలాలి. రెండే ఉన్నాయి.

జ్యోతిర్మయి వాటిని నీలం ట్రేలో పోసి మళ్లీ లెక్కపెట్టింది. ఆమె ఆసుపత్రిలో పరిశోధన విభాగం ఉద్యోగి. మూడు వారాలకోసారి బుధవారం నాడు మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, రక్తం తీయించి, కొత్త సీసా ఇవ్వడం ఆమె పని.

“ఆరు తక్కువున్నాయమ్మా. ఏమయ్యాయి?”

నా భార్య దేముడమ్మ దాచలేదు. “సూరికాంతానికిచ్చీసినాను.”

“ఎవరికి?”

“అదుగో, ఆ బల్ల మీద కూకుంది. దాని మెడగడ్డ తగ్గట్నేదు. నాది తగ్గినాది. అందుకని ఇచ్చినాను.”

హాల్లో వాళ్లంతా నవ్వారు. జ్యోతిర్మయి నవ్వలేదు. ఆ మధ్యాహ్నానికి ఇద్దరి పేర్లూ పరిశోధనలోంచి కొట్టేశారు.

ఇది చదివేవాళ్లలో ఫార్మసీ చదివే పిల్లలుంటారు. డ్రమ్ములు మోసే కూలీలూ ఉంటారు. నేను పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడుగుతాను. ఊళ్లో బడి ఏడో తరగతి దాకా. నాకు తెలిసినంతే చెబుతాను.

దేముడమ్మకి లింఫోమా. రక్తానికి సంబంధించిన క్యాన్సరు. మెడలో, చంకలో గడ్డలు లేచాయి. ఇంజెక్షన్లకు తగ్గి మళ్లీ వచ్చాయి. అప్పుడు డాక్టరు భీమశంకరరావు కొత్త మందు మీద పరిశోధన జరుగుతోందన్నాడు. మా ఆసుపత్రిలో పద్నాలుగుమందిని తీసుకున్నారు. అందరికీ ఇంజెక్షన్లు మామూలే. వాటితోపాటు కొందరికి కొత్త మాత్ర, కొందరికి చూడటానికి అచ్చం అలాంటిదే, లోపల మందు లేనిది. ఎవరికి ఏదో డాక్టరుకే తెలియదట. దేముడమ్మని కెమెరా ముందు కూర్చోబెట్టి “అర్థమైందా” అని అడిగారు. అర్థమైందంది.

బల్లల మీద కూర్చునే వాళ్లకు మూడో నెలకే అన్నీ అర్థమయ్యాయి. ఒకరి మెడ ఒకరు చూసుకునేవారు. గడ్డ కరిగితే మందు. కరగకపోతే సున్నంబిళ్ల. ఆ పేరు పెట్టింది సూర్యకాంతమ్మ. జాలరిపేటలో చేపలమ్ముకునే మనిషి. “నా సీసాల సున్నమే ఉన్నాది వొదినా. రెండాకులూ వక్కా తెచ్చుకుంటే సరిపోద్ది” అనేది.

ఆమె ఒక బుధవారం స్టీలు డబ్బాలో ఎండు నెత్తళ్ల చేపలు తెచ్చి నా భార్యకిచ్చింది. మా ఇళ్లలో పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపరు. ఏ ఉప్పో, పప్పో, గుప్పెడు బియ్యమో వేసి పంపుతారు. దేముడమ్మ ఆలోచించింది. సూర్యకాంతానికి ఏం తక్కువుందో చూసింది. డబ్బాలో ఆరు మాత్రలు వేసింది.

పేరు కొట్టేసిన రోజు బస్సులో ఆమెను తిట్టాను.

“మురుక్కాలవలో పడిపోనాయని సెప్పలేకపోయావా?”

“అడిగితే ఉన్నదే సెప్పినాను. అది తప్పేటి మావా?”

“తప్పే.”



మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాను. “ఆరు మాత్రలకి మనిషిని ఒగ్గెత్తారేటి బాబూ?”

“నా చేతుల్లో లేదయ్యా. ఒకరి మందు ఇంకొకరు మింగితే ఫలితం తేలదు. ఫలితం తేలకపోతే మందు బయటికే రాదు. రేపు వేలమందికి పనికొచ్చే మందు.”

“ఆ వేలమందిలో నా ఆడది నేదా?”

అతను ఫోను చూసుకున్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నా కోపం అందుకే.

మాత్రలు ఆగిన నాలుగో వారానికి దేముడమ్మ మెడలో గడ్డ మళ్లీ చేతికి తగిలింది.

ఆసుపత్రి ఎదురుగా టీ బడ్డీ ఉంది. మంగళవారం సాయంత్రం పద్నాలుగు ఇళ్లవాళ్లమూ అక్కడ కలిశాం. పిలిచింది శ్రీనివాసరావు. పోర్టులో కలాసీగా చేసి రిటైరయ్యాడు. యూనియన్ మనిషి. అతనూ మాత్రలు మింగేవాడే.

“మందు కంపెనీకి మన్తో పనేటి?” అన్నాడు. “మన మొకాలు సూడ్డానికి రమ్మంటన్నారా? మన నెత్తురు కావాల. ఆరేసి ట్యూబులు. అది నేకపోతే ఆళ్ల కంప్యూటర్లో ఏటీ నేదు. రేపెవులూ నెత్తురివ్వొద్దు. ఈలిద్దరికీ మందిచ్చినదాకా ఇవ్వొద్దు.”

“పేరు కొట్టేస్తే?” అన్నాడు సాయిశంకర్. గాజువాకలో ఆటో నడుపుతాడు. గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. “నా గడ్డ పూర్తిగా పోయిందండీ. నాకిద్దరు ఆడపిల్లలు. ఆవిడ చేసిన పనికి నేనెందుకు చావాలండీ?”

“సావమని ఎవులన్నారు?” అంది సూర్యకాంతమ్మ. “ఒక్కరోజు సెయ్యి ముడుసుకోమన్నారు.”

“నీకేం, నీకెలాగూ మందు లేదు.”

“నేదు నాయనా. అందుకే నాకు సిగ్గూ నేదు, బయమూ నేదు.”

పరిశోధనలో చేరేటప్పుడు సంతకాలు పెట్టించుకున్న కాగితం శ్రీనివాసరావు తీసి చదివాడు. ఏ పరీక్షనైనా వద్దనే హక్కు మీకుంది, వద్దన్నందుకు వైద్యం ఆపరు. ఆ మాట వాళ్లే రాసుకున్నారు. అందరం రెండుసార్లు చదివించుకున్నాం.

దేముడమ్మ ఒక్కతే వద్దంది. “నాకోసం ఆగీవొద్దు. మీ పేణాలు మీరు సూసుకోండి.” ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.

బుధవారం పన్నెండుమంది బల్లల మీద కూర్చున్నారు. ఆడవాళ్లు చేతులు పైట కింద పెట్టుకున్నారు. మగవాళ్లు చంకల్లో దూర్చుకున్నారు. నర్సు ట్యూబుల ట్రే పట్టుకుని ఒక్కొక్కరి ముందూ ఆగి, వెనక్కి పోయింది. జ్యోతిర్మయి వచ్చింది. “నా ఉద్యోగం పోతుందమ్మా, ప్లీజ్.”

“మా మందు పోనాది తల్లీ” అంది వాళ్ల పక్కనే వచ్చి కూర్చున్న సూర్యకాంతమ్మ. “రా, నువ్వూ కూకో.”

కంపెనీ మనిషి హైదరాబాదు నుంచి విమానంలో దిగాడు. శుక్రవారం సాయంత్రం దాకా గడువన్నాడు. ఆలోపు రక్తం ఇవ్వనివాళ్లకు కొత్త సీసా ఉండదన్నాడు. కాగితంలో రాసింది చూపిస్తే, వైద్యం ఆపడం లేదు, పరీక్ష లేకుండా మందివ్వడం ప్రమాదం అన్నాడు. అతని దగ్గర ప్రతిదానికీ జవాబుంది.

గురువారం పొద్దున సాయిశంకర్ లేచాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఎవరి వైపూ చూడలేదు. అతని వెనక ఇంకో నలుగురు వెళ్లారు. గదిలోంచి అతని ఏడుపు వినిపించింది. నాకు జాలి కలగలేదు.

ఏడుగురు మిగిలారు. శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ ఉత్తరం ఇచ్చింది. దేముడమ్మ, సూర్యకాంతమ్మలకు జాలితో మందు ఇచ్చే విషయం కమిటీ పరిశీలిస్తుందని ఉంది. కింద ముద్ర ఉంది.

“కమిటీ ఎపుడు కూకుంటాది?” అని శ్రీనివాసరావు అడిగాడు.

“త్వరలో.”

ముద్ర చూసి మేం మోసపోయాం. ఏడుగురూ చేతులు చాపారు.

పది రోజులు చూశాం. ఇరవై రోజులు చూశాం. ఆ నెలలో కమిటీ కూర్చోలేదు. దేముడమ్మ గొంతులో గంజి దిగడం మానేసింది. పెద్దాసుపత్రిలో మామూలు ఇంజెక్షన్లు వేయించాను. ఒంటికి పట్టలేదు. ఆఖరికి నీళ్లు కూడా దూదితో పెదాలు తడపడమే. ఏమీ చెయ్యలేక ఆమె పక్కన కూర్చున్నాను. డ్రమ్ములు కడిగిన చేతులు ఎంత తోమినా మందు వాసన పోదు. ఆ చేతులతోనే ఆమె నోరు తుడిచాను.

ఒక మధ్యాహ్నం పోయింది.

పద్నాలుగు ఇళ్లవాళ్లూ వచ్చారు. సాయిశంకర్ వీధి చివర ఆటో ఆపి, దూరంగా నిలబడి వెళ్లిపోయాడు. నేను పలకరించలేదు.

దినం అయిన మర్నాడు ఫోనొచ్చింది. జ్యోతిర్మయి.

“సార్, దేముడమ్మగారు ఎలా ఉన్నారు? ఉన్నారా?”

“మీ లెక్కల్లోంచి తీసీసినారు కదమ్మా. మీకెందుకు?”

“తీసేసినవాళ్లు కూడా ఉన్నారో లేదో నెలకోసారి రాయాలి సార్. ఒకవేళ... అయితే తేదీ కావాలి.”

అడగడం ఆమె ఉద్యోగమని నాకు తెలుసు. అయినా చెప్పాను. “మీ కమిటీ కూకున్న తేదీ సెప్పండి. అపుడు నాను నా తేదీ సెప్తాను.”

మూడో రోజు భీమశంకరరావే కారు వేసుకుని మా వీధికి వచ్చాడు. పక్కింటి కుసుమకుమారిని తేదీ అడిగాడు. తెలీదంది. కిళ్లీ కొట్టు చంటిని అడిగాడు. “ఏటి తేదీ? మా ఈదిలో కేలండర్లు నేవు బాబూ” అన్నాడు. ఆమె పాడె మోసిన నలుగురూ అక్కడే ఉన్నారు. నలుగురూ తెలీదన్నారు. డాక్టరు మా గుమ్మం దాకా వచ్చాడు. “మందు పనిచేసిందయ్యా. ఆవిడకి పనిచేసింది. అది రాయడానికే అడుగుతున్నాను” అన్నాడు.

“రాయండి. పనిసేసిందని రాయండి. తరవాత మీరు ఆపీసినారని కూడా రాయండి.”

అతను వెళ్లిపోయాడు.

వచ్చిన బుధవారం మేం ముందే వెళ్లాం. నాకక్కడ పని లేదు, పేషెంటు లేదు. అయినా వెళ్లాను. పేషెంట్ల వెనక ఇళ్లవాళ్లు, వాళ్ల వెనక జాలరిపేట ఆడవాళ్లు, పరవాడలో నాతో డ్రమ్ములు కడిగేవాళ్లు. ఇద్దరికి జరిగింది ఇంకెవరికీ జరగకూడదని, మందు పనిచేసినవాళ్లకి ప్రాణమున్నంతకాలం ఇవ్వాలని, సూర్యకాంతమ్మకి అసలు మందు ఈ రోజే మొదలుపెట్టాలని శ్రీనివాసరావు కాగితం రాయించాడు. కమిటీకి కాదు. తేదీ వేసి, డాక్టరు చేతికి.

పోలీసు వ్యాను గేటు దగ్గర ఆగింది. ఎస్సై లోపలికొచ్చాడు. “ఆసుపత్రిలో గొడవేటి? లెగండి, లెగండి.”

“గొడవెక్కడ బాబూ?” అంది సూర్యకాంతమ్మ. “సేతులు ముడుసుకుని కూకున్నాం. దానికీ కేసుందేటి?”

ఆమె మొదటి బల్ల మీద ఉంది. గొంతు పూర్తిగా రావడం లేదు. గడ్డ పెరిగి మెడ తిరగడం మానేసి వారమైంది. మందొచ్చినా ఆమెకి పనికొస్తుందో లేదో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

కానిస్టేబుళ్లు మొదటి బల్ల దాకా వచ్చారు.

“అన్నియ్యా” అని నన్ను పిలిచింది. “నాను ఎనక్కి సూడనేను. ఎవులెవులు సేతులు ముడుసుకున్నారో సెప్పు.”

నేను వెనక్కి తిరిగాను. ఒక్కొక్కరి పేరే చెప్పడం మొదలుపెట్టాను. శ్రీనివాసరావు పేరు చెప్పాను. తగరపువలస కనకరత్నం పేరు చెప్పాను. నాలుగో బల్ల చివర సాయిశంకర్ చంకల్లో చేతులు దూర్చుకుని, తల వంచుకుని కూర్చున్నాడు.

అతన్ని నేను క్షమించలేదు. పేరు మాత్రం గట్టిగా చెప్పాను.