ఏడో గుంట

జోగయ్య మోకాళ్ల మీద వంగి, పొట్టిగా కోసిన పచ్చిక మీద అరచేత్తో బంతిని దొర్లించాడు. నాలుగువైపుల నుంచీ దొర్లించి, గుంట పడాల్సిన చోటు దాటిన బంతి మూరెడు దూరంలో ఆగితేనే అక్కడ తవ్వుతాడు. గుర్గావ్‌లోని ఆ గోల్ఫ్ మైదానంలో ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున్నే పద్దెనిమిది గుంటల చోట్లూ మార్చేది అతనే. మాజీ సిపాయి. మోకాళ్లు కాయలు కాచిపోయాయి. ఆటగాడు కష్టపడాలి, కానీ మంచి దెబ్బకు తగిన ఫలం దక్కాలి అంటాడు. సరుకు ఎంత ప్రియమైనా తూకం సరిగ్గా ఉండాలి కదా.

ఆ రోజు పోటీ. ఏడో గుంటకి మేనేజరు ఉమాశంకర్ బూటు కొనతో బాగా ఏటవాలుగా ఉన్న చోటు చూపించాడు.

"ఇక్కడే పెట్టు. మన కోర్స్ మరీ ఈజీ అని నవ్వుతున్నారు."

"ఇది కష్టం కాదు సాబ్, అన్నేయం. బంతి నిలవదు."

"దొర్లించి చూడు."

నవంబరు మంచు తడికి బంతి ఆగింది.

"ఆగింది కదయ్యా! ఇంకేం?"

పచ్చిక ఆరాక ఆగదని జోగయ్యకు తెలుసు. రోజూ తడి తుడిచాకే చూసేవాడు. మాట పడే ఓపిక లేక ఈసారి తుడవలేదు. ఆగిన బంతినే సాక్ష్యం చేసుకుని తవ్వేశాడు.

పదింటికి ఎండెక్కింది. రిటైరైన ఆఫీసరు అరుంధతి కొట్టిన బంతి గుంట అంచుదాకా పోయి, క్షణం ఆగి, వెనక్కి దొర్లి ఆమె కాళ్ల దగ్గరికే వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ వచ్చింది.

"కుక్కపిల్లలా నన్ను వదలనంటోంది," అని నవ్వింది. ఆరోసారికి నవ్వు ఆగిపోయింది.

"జోగయ్యా, ఈ గుంట నువ్వు పెట్టిందేనా?"

"నానే అమ్మా."

"అయితే సరిగ్గానే ఉంటుందిలే. నా చేతిలోనే పస అయిపోయింది. ఇక ఆట మానేస్తా."

బంతి తీసుకుని వెళ్లిపోయింది. పోటీ మధ్యలో గుంట మార్చకూడదు, అదీ నియమమే. జోగయ్య సాయంత్రందాకా అక్కడే నిలబడి, వెనక్కి వచ్చిన ప్రతి బంతినీ చూశాడు. నిజం చెబుదామని కార్ల దగ్గరికి పరుగెత్తేసరికి అరుంధతి ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయింది.

ఉమాశంకర్ ఉత్సాహంగా వచ్చాడు. "అందరూ మన ఏడో గుంట గురించే మాట్లాడుతున్నారు! రేపూ అక్కడే."

"రేపు వేరేవోణ్ణి చూసుకోండి సాబ్."

"అలిగావా?"

"లేదు సాబ్. తప్పు నాది. ఆయమ్మ తన చేతిని తిట్టుకుని ఎల్లిపోయింది."

మైదానం వాళ్లిచ్చిన కాన్వాసు బూట్లు షెడ్డు గుమ్మంలో విప్పి, చెప్పులేసుకుని బస్సెక్కాడు. వాలు మీద నిలబడి నిలబడి మడమలు ఒకవైపే అరిగిన ఆ బూట్లు, చదునైన సిమెంటు నేల మీద కూడా పక్కకు ఒరిగే ఉన్నాయి.