ఆగని చెయ్యి

సికింద్రాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా గర్భిణులకు స్కానింగ్ చేస్తున్న డాక్టర్ని. మా సెంటర్‌కి రోబో చెయ్యి వచ్చినప్పుడు నేనేమీ మురిసిపోలేదు. దానికి పని నేర్పింది మాత్రం నేనే. నేను చేసిన ఎనిమిది వందల స్కాన్‌లలో పొట్ట మీద ఆనించి తిప్పే ప్రోబ్ ఎటు కదిలింది, ఎంత నొక్కింది, ఎక్కడ ఆగింది, అన్నీ రికార్డు చేసి ఇంజినీర్ సత్యదేవ్ దానికి నూరిపోశాడు.

ఆ రోజు అల్వాల్ నుంచి షాగుఫ్తా అత్తగారితో వచ్చింది. ఐదో నెల. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రోబో చెయ్యి ఆమె పొట్ట మీద జెల్‌లో నెమ్మదిగా నడిచింది. తల, గుండె, వెన్ను. తెర మీద అంతా నార్మల్ అని వచ్చింది.

"చూసిన్రా బ్యూలా మేడమ్, అచ్చం మీ చెయ్యే," అన్నాడు సత్యదేవ్ గొప్పగా.

అచ్చం నా చెయ్యే. నాకు నచ్చనిది అదే. బిడ్డ నడుము కిందికి రాగానే అది చటుక్కున లేచి తొడల మీదికి దాటేసింది.

ఆ అలవాటు నాది. ఆడో మగో చెప్పడం నేరం, చెప్పను. కానీ వెంట వచ్చే అత్తలు తెర కనబడకపోతే నా చేతిని చూస్తారు. అది అక్కడ కాస్త ఆగితే చాలు, ఏదో ఒకటి ఊహించేసుకుంటారు. అందుకే ఆగడం మానేశాను. దాన్ని జాగ్రత్త అనుకున్నాను.

ప్రోబ్ నేనే తీసుకుని అక్కడ ఆపాను. బిడ్డ మూత్రసంచి ఉబ్బి ఉంది. అరగంట తర్వాత చూసినా అంతే. ఖాళీ కాలేదు.

"ఏమైంది మేడమ్? జెర సాఫ్ చెప్పుండ్రి," షాగుఫ్తా నా చెయ్యి పట్టుకుంది.

"లోపల బిడ్డకు మూత్రం బయటికి పోతలేదమ్మా. చిట్టీ రాసిస్త. ఇయ్యాలనే పెద్దాసుపత్రికి పో."

"ఈసారన్న నిలుస్తదా?"

"తెల్వదు. జల్ది దొరికింది. అంత వరకు మంచిదే."

వాళ్లు వెళ్లిపోయాక సత్యదేవ్ అన్నాడు, "వారంల మెషీన్ సరిచేస్తం మేడమ్."

చెయ్యమన్నాను. మెషీన్ సంగతి సరే. నాకు సిగ్గేసింది, భయమూ వేసింది.

ఆ ఎనిమిది వందల మంది ఫోన్ నంబర్లు తెప్పించుకున్నాను. మొదటిది రెజిమెంటల్ బజార్ నవతది. ఫోన్ ఎత్తింది. వెనకాల పసిబిడ్డ ఏడుస్తోంది. బాబా, పాపా అని నేను అడగలేదు.

"నవతా, నీ బిడ్డకు మూత్రం మంచిగ వస్తున్నదా?"