పార మోసిన మట్టి

నేను ఒక పారను. పుట్టుక గొప్పదేమీ కాదు. పాత లారీ కమాను పట్టీని కమ్మరి కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగదీస్తే నేనయ్యాను. లారీ కింద ఉన్నన్నాళ్లూ టన్నులు మోశాను. పారనయ్యాక మోసిన చారెడు మట్టే ఇప్పటికీ దిగని బరువు.

నన్ను కొన్నది సాయవ్వ. పక్క చేను ఆమె తోడికోడలు లసుంబాయిది. ఆ చేను తప్ప లసుంబాయికి వేరే ఆధారం లేదు. అత్తగారు వాళ్లకొక అలవాటు నేర్పి పోయింది: పంట బాగున్న చేలో వాడిన పారను కడక్కుండా ఇవ్వాలి, ఆ మట్టి పడ్డ చేనూ కలిసొస్తుందని. మనుషులు ప్రేమను ఎందులో పెట్టి ఇస్తారో చెప్పలేం.

ఆ ఏడు సాయవ్వ ఒక సోయా మొక్కను నాతో పెళ్లగించి మురిసిపోయింది. వేర్ల నిండా బుడిపెలు! సోయాకు బుడిపెలుంటే బలమని ఎవరో చెప్పగా విన్నది. నన్ను భుజాన వేసుకుని గట్టు దాటింది.

"చెల్లె, గీ మన్ను నీ చేన్ల దులుపుకో. నీకు సుత కలిసొస్తది."

లసుంబాయి నన్ను కళ్లకద్దుకుని, మట్టంతా తన చేలో రాల్చుకుంది.

కాయ పట్టకముందే సాయవ్వ పంట పసుపెక్కింది. మరుసటి ఏడు లసుంబాయిదీ అంతే. వ్యవసాయాధికారి మేడం వచ్చి వేరును గోటితో గీకింది.

"మంచి బుడిపెలైతే రాలుతయి అమ్మా. ఇది వేరుకే వచ్చిన వాపు. లోపల నులిపురుగులున్నయి. పారకంటిన మట్టితోని చేను చేనుకు పోతయి."

సాయవ్వ నా వైపు చూసింది. ఆ చూపుకు తుప్పు పట్టినా బాగుండేది.

నులిపురుగును తట్టుకునే రకం సోయా విత్తనం ఒక్క బస్తానే దొరికింది. సాయవ్వ దాన్ని నేరుగా లసుంబాయి గుమ్మంలో దించింది.

"మరి నీకేది అక్కా?"

"నేను జొన్నలేస్త. జొన్నేస్తె పురుగు తగ్గుతదట. నీ చేను పాడు చేసింది నేనే చెల్లె."

లసుంబాయి బస్తాను లోపలికి జరుపుకుంది. వాన పడగానే ఆ విత్తనం వేసింది. పంట పచ్చగా నిలిచింది. ఒక మొక్క పీకి గోటితో గీకితే బుడిపెలు టపటపా రాలాయి.

ఆ రోజే నన్ను అడిగి తీసుకుపోవడానికి వచ్చింది. సాయవ్వ బోరు దగ్గర నన్ను రుద్ది రుద్ది కడిగి, కర్ర దూర్చిన చోట కూడా మేకుతో గీకి, కొంగుతో తుడిచి ఇచ్చింది. నా మీద చిటికెడు మట్టి లేదు. అయినా లసుంబాయి అలవాటుగా నన్ను కళ్లకద్దుకుంది.

సాయవ్వ ముఖం తిప్పుకుంది. ముఖమంటూ ఉంటే నేనూ తిప్పుకునేదాన్ని.