నాన్న నంబర్

హైందవి అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో జావా చెబుతుంది. ఆమె తండ్రి అచ్యుతరావుగారు పైర్ల తెగుళ్ల శాస్త్రవేత్త. ఆయన పోయి ఏడాది దాటినా ఆయన ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. ఏ తెగులో తెలియకుండా మందులు కొట్టొద్దని ఊరూరా రైతులకు చెబుతూ, అనుమానం వస్తే అడగమని కరపత్రాల మీద సొంత నంబర్ వేయించారాయన. అమ్మ పెన్షన్ ఓటీపీలు దానికే వస్తాయి కాబట్టి తీసేయడానికీ లేదు.

నాన్న లేరు, వ్యవసాయ యూనివర్సిటీకి ఫోన్ చేయండి అని హైందవి అందరికీ చెప్పేది. చాలామంది అయ్యో అని పెట్టేసేవారు. మహబూబాబాద్ దగ్గరి మిరప రైతు బుచ్చయ్య మాత్రం వదిలేవాడు కాదు. పాపమని బాధపడి, ఆ వెంటనే ఆకు ముడుచుకుంటోంది, ఏం చేయాలని అడిగేవాడు. యూనివర్సిటీలో ఎవరూ ఎత్తరట.

ఒకరోజు క్లాసు మధ్యలో వరసగా చేశాడు. ఆమె మెట్ల మీదికొచ్చి ఫోనెత్తింది.

"పెద్దాయనా, నేను కంప్యూటర్ పాఠాలు చెప్పుకునేదాన్ని. నాన్న లేరని ఎన్నిసార్లు చెప్పాలండీ?"

"ఎరుకే బిడ్డా," అన్నాడు బుచ్చయ్య నెమ్మదిగా. "దుకాణపాయన మందు డబ్బాలిచ్చిండు. రేపు కొడదామనుకుంటున్న. సారుంటే కొట్టుమంటుండెనా, వద్దంటుండెనా? గదొక్కటి చెప్పు."

ఆ జవాబు ఆమెకు తెలుసు. చిన్నప్పటి నుంచి అన్నం దగ్గర కూడా విన్నదే.

"ఏ తెగులో తేలేదాకా కొట్టకండి. ఆకులవీ, ఆ డబ్బాలవీ ఫొటోలు పంపండి," అంది విసుగ్గా.

అడిగి తెప్పించుకున్నాక ఊరుకోలేకపోయింది. సాయంత్రం పంజాగుట్టలో ఉండే నాన్న శిష్యురాలు డాక్టర్ సుకన్య దగ్గరికి వెళ్లింది. ఇది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అని సుకన్య గుర్తుపట్టింది. ఆ డబ్బాలేమో బూజు మందులు, ఎన్ని కొట్టినా దండగే. తనే బుచ్చయ్యకు ఫోన్ చేసి, డబ్బాలు వాపసివ్వమని, ముడుచుకున్న మొక్కలు పీకేయమని చెప్పింది.

ఇకమీదట కాల్స్ నాకే మళ్లించు అని కూడా అంది. హైందవి హాయిగా ఇంటికెళ్లింది.

వారం తిరక్కుండానే సుకన్య మొత్తుకుంది. ప్రశాంతంగా భోజనం కూడా చేయనివ్వడం లేదట. సార్ ఇన్నేళ్లు ఎలా భరించారో అర్థం కావడం లేదట. పాత శిష్యులందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో వేశానని, వంతులవారీగా ఎత్తుతారని, ఆ వంతులు చూడాల్సింది హైందవేనని తేల్చేసింది.

"నేనెందుకండీ? నాకేం తెలుసని?"

"మేమంతా ఎగ్గొట్టే రకం. గట్టిగా అడిగేవాళ్లు ఒకరుండాలి."

హైందవి నెత్తి కొట్టుకుంది. గ్రూపు తెరిచి చూస్తే ఆరోజు వంతు రాఘవేందర్‌ది. పొద్దున్నుంచి ఒక్క ఫోనూ ఎత్తలేదు. పళ్లు కొరుక్కుంటూ అతనికి ఫోన్ కలిపింది.